బొలోన్యా నుంచి ఆదివారం వెళ్లి రాత్రికి తిరిగి రావడానికి ఏ ఊళ్లు అనువైనవి?

గుంటూరు విద్యార్థిని:

అందరికీ నమస్కారం. ఈ సెప్టెంబరులో బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుకోవడానికి వచ్చాను. శనివారం సాయంత్రం వరకు పని ఉంటుంది కాబట్టి వారంలో నాకు పూర్తిగా చిక్కేది ఆదివారం ఒక్కటే. ఉదయాన్నే బయలుదేరి, హోటల్ ఖర్చు పడకుండా రాత్రికి గదికి చేరుకునేలా ఏయే ఊళ్లు చూడవచ్చో ఇక్కడ ముందు నుంచి ఉంటున్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు. తోటి విద్యార్థులు వెనిస్, ఫ్లోరెన్స్, మిలాన్ అంటూ పెద్ద ఊళ్ల పేర్లే చెబుతున్నారు, నేనేమో ప్రయాణాలకు నెలకు కొద్ది మొత్తమే కేటాయించగలను. నివాస అనుమతి కోసం దరఖాస్తు చేశాను గాని కార్డు ఇంకా రాలేదు, పోస్టాఫీసు రసీదు మాత్రమే చేతిలో ఉంది. దానితో తిరగడానికి ఏమైనా ఇబ్బంది ఉంటుందా? మాంసం, చేపలు ముట్టనని కూడా ముందే చెబుతున్నాను.

బొలోన్యా పాత విద్యార్థి:

మీరు ఉన్న ఊరే మీకు పెద్ద వరం. ఉత్తర ఇటలీ రైలు మార్గాలలో ముఖ్యమైనవి చాలావరకు బొలోన్యా స్టేషన్‌లోనే కలుస్తాయి కాబట్టి, ప్రాంతీయ రైలు ఎక్కితే గంట, గంటన్నరలో చేరగలిగే చారిత్రక పట్టణాలు ఎన్నో ఉన్నాయి. ఆ టికెట్ల ధర దూరాన్ని బట్టి ఉంటుందే గాని ఆలస్యంగా కొన్నంత మాత్రాన పెరగదు. అందువల్ల ఆదివారం ఉదయం లేచి, వాన లేదని చూసుకున్నాక కూడా నిర్ణయించుకోవచ్చు.

మొదట రవెన్నాకు వెళ్లండి. రైలు మారనక్కరలేదు, ఒకవైపు టికెట్ పది యూరోల లోపే ఉంటుంది. స్టేషన్ నుంచి అన్నీ నడిచి చూడగలిగినంత దగ్గర. 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని అయిన ఈ పట్టణం, తరువాత గోత్‌లు అనే జర్మానిక్ తెగ చేతికి, 540లో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చేతికి వెళ్లింది. ఒకరి తరువాత ఒకరు కట్టించిన ఆ కట్టడాలలో ఎనిమిదింటిని 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ విటాలే చర్చిలో, రంగు గాజు ముక్కలు అతికించి చేసిన మొజాయిక్ చిత్రాలలో, ఆ తూర్పు సామ్రాజ్యపు జస్టీనియన్ చక్రవర్తి, థియోడోరా మహారాణి తమ పరివారాలతో ఎదురెదురు గోడల మీద నిలబడి ఉంటారు. వారిద్దరూ ఈ ఊళ్లో అడుగైనా పెట్టలేదు, అయినా ఆ చూపు మన మీదే ఉన్నట్టుంటుంది. మహారాణి వస్త్రం అంచును శ్రద్ధగా చూడండి: శిశువు యేసుకు కానుకలు పట్టుకుని వెళ్తున్న ముగ్గురు జ్ఞానుల బొమ్మలు ఆ అంచులో బంగారు రంగులో కనిపిస్తాయి. గాజు ముక్కలను ఒకే మట్టంగా కాక కొద్దికొద్ది వాలుతో అతికించారు కాబట్టి, మనం రెండడుగులు పక్కకు జరిగితే మెరుపు కూడా జరుగుతుంది. ఫొటోలు ఎన్ని చూసినా అది తెలియదు. పక్కనే, రోమన్ మహారాణి గాల్లా ప్లచిదియా పేరిట ఉన్న సమాధి మందిరం చిన్నది, ముదురు నీలం కప్పు నిండా బంగారు నక్షత్రాలు ఉంటాయి. అక్కడ ఎక్కువ సేపు నిలబడనివ్వరు, ప్రవేశ సమయాన్ని ముందే ఎంచుకోవాలి.

ఇటలీ మహాకవి డాంటే సమాధి కూడా రవెన్నాలోనే ఉంది. ఆయనను వెళ్లగొట్టిన ఫ్లోరెన్స్ నగరమే ఇప్పుడు ఆ సమాధి దీపానికి ఏటా నూనె పంపుతుందని తెలిసి చూస్తే, ఆ చిన్న గది ముందు కాసేపు ఆగకుండా ఉండలేము.

రెండో ఆదివారానికి ఫెరారాను ఎంచుకోండి, అది ఇంకా దగ్గర, ఇంకా చవక. సైకిల్ అద్దెకు తీసుకుని, తొమ్మిది కిలోమీటర్ల పొడవున ఊరిని చుట్టిన పాత కోట గోడల మీద చెట్ల నీడన తిరగవచ్చు. మోదెనాకైతే పూట చాలు.

పడువా పరిశోధకురాలు:

రసీదు సంగతి చెబుతాను. ఇటలీ లోపల తిరగడానికి అడ్డు లేదు, పాస్‌పోర్టు, రసీదు రెండూ వెంట ఉంచుకోండి. పాస్‌పోర్టులోని డి వీసాకు (దీర్ఘకాల వీసాకు) గడువు ఉన్నంత కాలం ఇతర షెంగెన్ దేశాలకు, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకున్న ఐరోపా దేశాలకు కూడా 180 రోజులలో 90 రోజులకు మించకుండా వెళ్లవచ్చు. ఆ గడువు ముగిశాక మాత్రం ఒట్టి రసీదుతో సరిహద్దు దాటకూడదు. రిమినీ నుంచి బస్సులో వెళ్లగలిగే చిన్న దేశం సాన్ మరీనో షెంగెన్ సభ్య దేశం కాదు. సరిహద్దులో తనిఖీ ఉండకపోయినా, కార్డు చేతికి వచ్చాకే అక్కడికి వెళ్లమని నా సలహా.

కాగితం టికెట్ కొంటే రైలు ఎక్కే ముందే ప్లాట్‌ఫామ్ దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి, ఫోన్‌లో కొంటే చెక్-ఇన్ చేయాలి. టికెట్ ఉన్నా ఇది చేయనివారికి జరిమానా పడవచ్చు. సమ్మెలను ఇక్కడ షోపెరో అంటారు, వాటి తేదీలు ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజున కూడా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు ప్రాంతీయ రైళ్లు నడపాలన్న నియమం పనిదినాలకే వర్తిస్తుంది, ఆదివారానికి కాదు. కాబట్టి శనివారం రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

ఫ్లోరెన్స్ మిత్రుడు:

చిన్న పట్టణాల గురించి పైన చెప్పినదంతా నిజమే గాని, ఫ్లోరెన్స్‌ను పక్కన పెట్టమంటే ఒప్పుకోలేను. వేగపు రైలులో నలభై నిమిషాల లోపే చేరవచ్చు, ముందుగా కొంటే ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలకు ప్రవేశం ఉచితం. అయితే ఆ రోజు ఉఫీజీ చిత్రకళా మ్యూజియం ముందు బారులు తీరి ఉంటారు కాబట్టి, ఉచితం కదా అని ఒక్క రోజునంతా వరుసలో గడిపేకంటే, చలికాలంలో మామూలు ఆదివారం డబ్బు పెట్టి హాయిగా చూడటం మేలని నేను గట్టిగా నమ్ముతాను. 18 నుంచి 25 ఏళ్లవారికి ఇచ్చే 2 యూరోల టికెట్ ఐరోపా సమాఖ్య పౌరుల కోసం ఉద్దేశించినది. మీరు చదివేది వాస్తుశిల్పం (ఆర్కిటెక్చర్), కళా చరిత్ర వంటి శాఖ అయితే విడిగా ఉచిత ప్రవేశం ఉంటుంది, కౌంటర్‌లో విద్యార్థి కార్డు చూపించి అడగండి.

గుంటూరు విద్యార్థిని:

అందరికీ ధన్యవాదాలు. వచ్చే ఆదివారం రవెన్నాకే వెళ్తాను. అక్కడ శాకాహారులకు ఏం దొరుకుతుంది? లేక పులిహోర కట్టుకుని వెళ్లడమే మంచిదా?

బొలోన్యా పాత విద్యార్థి:

పులిహోర కట్టుకుంటే ఏ దిగులూ ఉండదు, సాన్ విటాలే దగ్గరి తోటలో కూర్చుని తినవచ్చు. బయట తినాలంటే పియదీనా అనే రొట్టె దొరుకుతుంది, చూడటానికి మన పుల్కాలాగే ఉంటుంది. కాని సంప్రదాయంగా ఆ పిండిని పంది కొవ్వుతో కలుపుతారు. అందుచేత ఆలివ్ నూనెతో చేసినది కావాలని, ‘అల్లోలియో’ అని స్పష్టంగా అడిగి, స్క్వాక్వెరోనే అనే మెత్తని జున్ను, రుకోలా ఆకు పెట్టించుకోండి. ఫెరారాలో గుమ్మడికాయ కూరిన కప్పెల్లాచి అనే పాస్తా తినదగినదే. దానిని మాంసం సాస్‌తో కూడా వడ్డిస్తారు కనుక, వెన్నతో కావాలని ముందే చెప్పండి. జున్ను తయారీలో వాడే రెన్నెట్ విషయంలో పట్టింపు ఉంటే పర్మెసాన్ జున్ను చల్లవద్దని కూడా చెప్పాలి, ఎందుకంటే దానిని దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే చేస్తారు.

చర్చిలోకి వెళ్తారు కాబట్టి భుజాలు కప్పే దుస్తులు వేసుకుని, ఉదయం తొమ్మిదిలోపు రైలు ఎక్కండి. తిరుగు రైలు వేళలను ఉదయమే రాసి పెట్టుకోండి, ఆదివారం అవి పనిదినాలకంటే తక్కువగా ఉంటాయి.