ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 6 దాటాలంటే వెయ్యి పదాల లిస్టు బట్టీ పట్టాలా?

పరీక్షల_పిచ్చి: విదేశాల్లో చదువుకి రాసే ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ ఇంగ్లీషు పరీక్షకి ఆరు వారాలే టైముంది. రీడింగ్ 6.5, రైటింగ్ 6 బ్యాండ్ దగ్గర ఆగిపోయాయి. కోచింగ్‌లో వెయ్యి పదాల పీడీఎఫ్ ఇచ్చి రోజుకి ముప్పై బట్టీ కొట్టమన్నారు. పనికొస్తుందా?

గట్టుమీద_గురువు: ముందు ఆ పీడీఎఫ్ డిలీట్ చెయ్యండి. అలాంటి వాటిలో చాలావరకు పీజీ సీట్లకి రాసే జీఆర్‌ఈ పరీక్ష పాత సరుకే. జీఆర్‌ఈ వాళ్ళు ఆంటనిమ్స్, అనాలజీస్ 2011లోనే ఎత్తేశారు, లిస్టులు మాత్రం ఇంకా జిరాక్సు షాపుల్లో తిరుగుతున్నాయి. రైటింగ్‌లో నాలుగు అంశాలు చూస్తారు, ఒక్కోదానికి 25 శాతం. లెక్సికల్ రిసోర్స్, అంటే పదాల వాడకం, వాటిలో ఒకటి, అంతే. పదం అర్థం ఒక్కటే బట్టీ కొడితే 'అమీలియొరేట్ ద స్టూడెంట్స్' అని రాసొస్తారు. అమీలియొరేట్ అంటే మెరుగుపరచడం; ఆ క్రియ పరిస్థితులకి వాడతారు, మనుషులకి కాదు. 'ఎగ్జాసర్బేట్ ద ఎకానమీ' కూడా అంతే. అప్పటికే చెడ్డదైనదాన్ని మరింత చెడగొట్టినప్పుడే ఎగ్జాసర్బేట్, కాబట్టి 'ద ప్రాబ్లమ్' రావాలి.

బ్యాండ్7_బాబాయ్: లిస్టు లేకుండా 7 ఎలా వస్తుందో గురువుగారే చెప్పాలి. బ్యాండ్ 7 డిస్క్రిప్టర్‌లోనే, అంటే ఆ బ్యాండ్‌కి ఏం ఉండాలో చెప్పే వివరణలోనే, తక్కువ వాడుకలో ఉన్న పదాలు కొంతైనా వాడగలగాలని ఉంది. గుడ్, బ్యాడ్, బిగ్, ప్రాబ్లమ్ అంటూ 250 పదాలు నింపితే 6 దాటదు. రోజుకి ముప్పై, ముప్పైఐదు రోజులు, ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో వేసుకోండి. అయిపోతుంది.

గట్టుమీద_గురువు: ఆంకీలో రోజుకి ముప్పై కొత్త కార్డులా? రెండు మూడు వారాలు తిరిగేసరికి పాతవి తిరగేయడమే రోజుకి రెండు వందలు దాటుతుంది. ఇక ఎస్సే రాసేదెప్పుడు? ఇంకో మాట. 2023లో సవరించిన డిస్క్రిప్టర్లలో బ్యాండ్ 6 చదవండి. రిస్కు చేసి పెద్ద పదాలు వాడి తప్పులు పెంచుకున్నవాడు ఎక్కడున్నాడో కనిపిస్తుంది.

బ్యాండ్7_బాబాయ్: దాని ముందు వాక్యం మింగేశారేం? పరిమితమైన పదాలతో నెట్టుకొచ్చినవాడూ ఆ 6లోనే ఉన్నాడు.

జీఆర్‌ఈ_జీవి: జీఆర్‌ఈకైతే లిస్టు తప్పదు. సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నలో ఖాళీకి సరిపోయే పదాలు ఆరింటిలో రెండు పట్టాలి, ఒకటి పోయినా మార్కు లేదు.

పరీక్షల_పిచ్చి: నేనడిగింది ఐఈఎల్‌టీఎస్ గురించండీ.

వార్డు_నెం_4: యూకే నర్సింగ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్ళేవాళ్ళకి రైటింగ్ 6.5 చాలు, మిగతా మూడింటిలో 7 కావాలి. వాళ్ళకి పదాలతో అసలు పని రీడింగ్‌లోనే. ప్రశ్నలో ఒక మాట, పాసేజ్‌లో దానికి ఇంకో మాట ఉంటుంది.

బ్యాండ్7_బాబాయ్: ఆవిడ చెప్పింది చూశారా? పదాలు కావాలి. గురువుగారికి వద్దుట.

గట్టుమీద_గురువు: పదాలు వద్దని నేనెక్కడన్నాను? వెయ్యి వద్దన్నాను. మీరు మాట్లాడే తీరు ఫీజు కట్టించుకునేవాళ్ళ తీరులా ఉంది.

బ్యాండ్7_బాబాయ్: ఫీజు మాట ఎందుకులెండి. అసలు విషయానికొద్దాం. ఇంట్లో ఇంగ్లీషు పేపరు వేయించుకుని పెరిగినవాళ్ళు "చదువుతూ పోండి, పదాలు వాటంతటవే వస్తాయి" అంటారు. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంజినీరింగ్ ఆల్-ఇన్-వన్‌లతో గట్టెక్కినవాడికి ఆరు వారాల్లో ఎక్కణ్ణుంచి వస్తాయి? వాడి చేతికందేది లిస్టొక్కటే. దాన్ని లాక్కుని మీరిచ్చేదేమిటి?

గట్టుమీద_గురువు: చదువుతూ పొమ్మని నేను అననేలేదు. ఎవరిమీదో కోపం నామీద చూపిస్తున్నారు. తెలుగు మీడియం వాడికే టైము తక్కువ, అందుకే వెయ్యి పదాలు వాడికే ఎక్కువ నష్టం. లిస్టే కావాలంటే అకడమిక్ వర్డ్ లిస్ట్ తీసుకోండి. న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించారు, నెట్‌లో ఉచితం. 570 పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి వచ్చిన పదాల గుంపులు), పది భాగాలు. మొదటి మూడు భాగాలు కలిపి 180. రోజుకి ఆరు చొప్పున నెలలో అయిపోతాయి.

కార్డు మీద ఒంటి పదం రాయకండి. వాక్యం రాసి, పదం ఉన్నచోట ఖాళీ వదిలి, మొదటి అక్షరం ఒక్కటే ఇవ్వండి. వెనక ఆ కుటుంబమంతా: అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్. నామవాచకం రావాల్సిన చోట క్రియ పడితే వర్డ్ ఫార్మేషన్ తప్పు కిందికొస్తుంది, మనవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. వారానికి రెండు ఎస్సేలు, ఒక్కోదాంట్లో కొత్తవి ఐదారే వాడండి. అవి ఏ మాటల పక్కన వస్తాయో కాలొకేషన్ డిక్షనరీలో చూశాకే.

బ్యాండ్7_బాబాయ్: అంటే లిస్టు కావాలని తేల్చారుగా! ఇంత దూరం లాగారెందుకు?

గట్టుమీద_గురువు: 180కీ వెయ్యికీ తేడా లేదంటే నేను చెప్పేదేం లేదు.

బ్యాండ్7_బాబాయ్: మిగిలిన 390 సంగతేంటి? పాసేజ్‌లో ఎదురైతే ఎవర్నడగాలి?

వార్డు_నెం_4: వాటికి ఇంగ్లీషు నుంచి తెలుగుకి మామూలు కార్డు చాలు. గుర్తుపట్టడానికి ఒక డెక్, రాయడానికి ఒక డెక్ విడిగా పెట్టుకోండి. రెండూ కలిపేస్తే, గుర్తుపట్టిన పదమల్లా రాయగలమనిపిస్తుంది.

పరీక్షల_పిచ్చి: గ్రాఫ్ వివరించే టాస్క్ 1కి కూడా ఇవే సరిపోతాయా?

గట్టుమీద_గురువు: అక్కడ చిన్న సెట్టు చాలు: రైజ్, ఫాల్, ఫ్లక్చుయేట్, లెవెల్ ఆఫ్, అకౌంట్ ఫర్. ఎలాగూ ఎస్సే రాసే టాస్క్ 2కి రెట్టింపు వెయిటేజీ, టైము అటే పెట్టండి.

బ్యాండ్7_బాబాయ్: ప్లమ్మెట్ (ఒక్కసారిగా పడిపోవడం), సోర్ (అమాంతం పెరగడం) కూడా చేర్చుకోండి.

గట్టుమీద_గురువు: 5 శాతం 4కి తగ్గితే ప్లమ్మెటెడ్ అని రాయిస్తారు, అంతేగా.

బ్యాండ్7_బాబాయ్: 50 నుంచి 10కి పడితే ఏం రాయాలో కూడా చెప్పండి మరి.