ఎండాకాలం గోల్డెన్‌కి, హస్కీకి గుండు కొట్టిస్తే బొచ్చు రాలడం తగ్గుతుందా?

వేపచెట్టు_వీధి:
ఫిబ్రవరి చివరికల్లా ప్రతి పెట్ గ్రూపులోనూ ఇదే గొడవ. సోఫా నిండా బొచ్చు, పరుపు నిండా బొచ్చు, చివరికి పప్పులో కూడా. సెలూన్ వాళ్లేమో "జీరో కట్ చేయించండి, రాలడం ఆగుతుంది, కుక్కకీ చల్లగా ఉంటుంది" అంటారు. డాక్టర్లు వద్దంటారు. లాబ్, గోల్డెన్, జర్మన్ షెపర్డ్, హస్కీ, పామ్ (పొమెరేనియన్) లాంటి, పైన గరుకు, లోపల మెత్తటి రెండు పొరల బొచ్చున్న కుక్కల సంగతే అడుగుతున్నాను. "మావాడికి చేయించాం, బాగానే ఉన్నాడు" అనే కబుర్లు వద్దు, కారణాలు రాయండి.

క్లిప్పర్_బాబాయ్:
నాది కొట్టించమనే పక్షం. మనవాళ్లలో రోజూ దువ్వేవాళ్లు ఎందరు? దువ్వకపోతే ఊడిన మెత్తటి బొచ్చు బయటికి రాదు. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక అట్టకడుతుంది. స్నానం చేయిస్తే ఆ అట్ట కింద తడి ఆరదు. విజయవాడ, కాకినాడ ఉక్కలో అక్కడే చర్మం ఎర్రబడి రసి కారుతుంది. పిడుదులు పట్టినా కనపడవు. దానికంటే కత్తిరించడం నయం కాదా?
అయితే దానికో పద్ధతి ఉంది. 10 నంబరు బ్లేడు 1.5 మి.మీ. బొచ్చే మిగులుస్తుంది, అది పొట్టకీ తొడల లోపలికే. వీపు మీద 4ఎఫ్ (9.5 మి.మీ.) కంటే కిందికి దిగకూడదు. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడుని మణికట్టుకి ఆనించి చూడాలి. మనకి చురుక్కుమంటే కుక్క చర్మం కాలుతున్నట్టే.

రెండుపొరల_రాణి:
బాబాయ్ గారూ, అట్టకట్టిన కుక్క సంగతి వేరు, అది వైద్యం కింద లెక్క. ఇక్కడ అడిగింది రాలడం గురించి. గుండు కొడితే రాలే వెంట్రుకల సంఖ్య తగ్గదు, పొడవే తగ్గుతుంది. పొడుగు వెంట్రుకలు ఉండకట్టి చీపురికి వస్తాయి. సెంటీమీటరు ముక్కలు సోఫా గుడ్డ నేతలోకి సూదుల్లా దిగి వాక్యూమ్‌కి కూడా రావు. లాబ్‌ని చూడండి, పొట్టి బొచ్చే కదా, రాల్చడంలో గోల్డెన్‌కేం తీసిపోదు.
ఇక చల్లదనం. మనం చొక్కా విప్పితే హాయిగా ఉండేది చెమట ఆరుతుంది కాబట్టి. కుక్కకి అలా చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే, ఒంట్లో వేడి దించే పని దాదాపు అంతా వగర్పుదే. పై గరుకు బొచ్చు ఎండని నేరుగా చర్మానికి తగలనివ్వదు. గుండు తర్వాత రెండు పొరలూ ఒకే వేగంతో పెరగవు, మెత్తటిది ముందు లేస్తుంది. అందాకా ఒళ్లు దూదిబొంతలా ఉండి పల్లేరుకాయలన్నీ పట్టేస్తాయి. హస్కీ, పామ్, చౌచౌల్లో కొన్నింటికి కత్తిరించిన చోట నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా బొచ్చు రాదు. చర్మ వైద్యంలో దానికి పేరే ఉంది: పోస్ట్ క్లిప్పింగ్ అలోపీషియా.

క్లిప్పర్_బాబాయ్:
పల్లేరుకాయల మాట ఒప్పుకుంటా. కానీ లోపల చచ్చిన బొచ్చు కుక్కి ఉంటే గాలి ఎలా ఆడుతుందమ్మా? "దువ్వండి" అనేసి వెళ్లిపోతే ఎలా, ఎలా దువ్వాలో చెప్పండి.

రెండుపొరల_రాణి:
చెప్తా. చాలామంది పైపైన దువ్వుతారు. వీపు నిగనిగలాడుతుంది, కింద దూది కదలదు. తొడ కింది భాగం నుంచి మొదలుపెట్టండి. ఎడమ అరచేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకుంటే చర్మం గీతలా కనపడాలి. ఆ గీత దగ్గర రెండు వేళ్ల వెడల్పు బొచ్చుని కిందికి వదులుతూ స్లిక్కర్ బ్రష్‌తో (సన్నటి తీగ పళ్లున్నది) దువ్వాలి, మళ్లీ పైన ఇంకో గీత. తర్వాత అండర్‌కోట్ రేక్ (లోపలి మెత్తటి బొచ్చు లాగే పొడుగు పళ్ల దువ్వెన), అదీ బొచ్చు వాలిన దిక్కుకే. చివర్లో స్టీలు దువ్వెన మొదలు నుంచి కొసదాకా తట్టుకోకుండా జారితే పని అయినట్టు. మామూలుగా వారానికి రెండుసార్లు, జోరుగా ఊడే మూడు నాలుగు వారాలు మాత్రం రోజూ 15 నిమిషాలు. ఫర్మినేటర్ లాంటి బ్లేడు పరికరం వారానికోసారి, ఒక్కో చోట నాలుగైదు గీతలు చాలు. అతిగా లాగితే పై బొచ్చుని కోసేస్తుంది.
స్నానానికి ముందే దువ్వాలి, తడిస్తే చిక్కు బిగుస్తుంది. షాంపూ మగ్గు నీళ్లలో కలిపి పోయండి, లేకపోతే పైపొర మీదే ఆగిపోతుంది. రుద్దినదానికి రెట్టింపు సేపు కడగాలి. తర్వాత బ్లోయర్. దానికి వేడి అక్కర్లేదు, వేగం కావాలి. అడుగు దూరం నుంచి మెల్లగా దగ్గరికి తెస్తే బొచ్చు పువ్వులా విచ్చుకుని మధ్యలో చర్మం రూపాయి బిళ్లంత కనిపిస్తుంది, చుట్టూ ఉన్న దూదంతా లేచిపోతుంది. ముఖానికీ చెవుల్లోకీ పెట్టొద్దు. బాల్కనీలో చేస్తే కింది ఫ్లాటు వాళ్లతో గొడవ మీదే.

పశువైద్యం_పలక:
గుండా కాదా అని తేల్చుకునే ముందు అది మామూలు రాలుడేనా చూడండి. ఒళ్లంతా సమంగా పల్చబడి, చర్మం శుభ్రంగా ఉంటే కంగారు లేదు. రెండు పక్కలా ఒకేలా బోడి మచ్చలు, ఎలుక తోకలాంటి తోక, తిండి పెంచకుండానే బరువు, బద్ధకం ఉంటే థైరాయిడ్ పరీక్ష (టీ4, టీఎస్‌హెచ్) చేయించాలి. పొలుసులతో గుండ్రటి మచ్చ ఉంటే తామర కావచ్చు, పిల్లలకి అంటుతుంది. ఏడాది పొడవునా కొద్దికొద్దిగా రాలితే మాత్రం రోగం అనుకోకండి. బొచ్చు మారే కాలాన్ని ముఖ్యంగా నడిపేది పగటి వెలుతురు నిడివి. ఇంట్లో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతుంటే ఆ లెక్క తప్పుతుంది.
అసలు గొడవ చాలా ఇళ్లలో పెరుగన్నంతో. కుక్కకి రోజూ కావలసిన ప్రోటీన్‌లో పావు వంతు పైనే చర్మానికీ బొచ్చుకీ పోతుంది. తేమ తీసేసిన లెక్కన ఎదిగిన కుక్క తిండిలో కనీసం 18 శాతం ప్రోటీన్ ఉండాలి. అన్నంలో 7-8 శాతమే, గరిటెడు పెరుగు వేస్తే 18కి చేరదు. గుడ్డు ఉడికించి పెట్టండి, పచ్చి తెల్లసొన రోజూ పెడితే అందులోని అవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే విటమిన్‌ని ఒంటికి పట్టనివ్వదు. చేపనూనె బిళ్ల మీద 1000 మి.గ్రా. అని ఉన్నా, మామూలు రకంలో పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 300 మాత్రమే (180, 120). డోసు డాక్టరుతో ఈ అంకె మీద లెక్క వేయించుకోండి. ఎక్కువైతే ముందు విరేచనాలే. ఫలితానికి 6-8 వారాలు ఆగాలి.

ఉప్పుగాలి:
మరి పిడుదులు? గుండు ఉంటే ఏరడం తేలిక కదా.

పశువైద్యం_పలక:
అవి ఎక్కువగా చేరేది చెవుల్లో, వేళ్ల సందుల్లో, కాలర్ కింద. వీపు గొరిగితే అక్కడికేం చేరతారు? బరువుకి తగ్గ మాత్ర వేయించండి. అఫాక్సోలనర్ నెలకోసారి, ఫ్లురలనర్ దాదాపు మూడు నెలలకోసారి. మూర్ఛ వచ్చే కుక్క అయితే ముందే చెప్పాలి.

రెండుపొరల_రాణి:
పొట్ట వరకు బాబాయ్ గారితో నాకు పేచీ లేదు. తొడల లోపల, పొట్ట మీద తీయిస్తే కుక్క చల్లటి గచ్చు మీద బోర్లా పడుకున్నప్పుడు వేడి నేరుగా దిగుతుంది. ఇంకోటి, కూలర్. తెలంగాణ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. కోస్తాలో తలుపులు మూసి పెడితే గదిలో తేమ పెరిగి వగర్పు కూడా సరిగా పనిచేయదు. అక్కడ ఫ్యాను, తడి గచ్చు, కిటికీ.

క్లిప్పర్_బాబాయ్:
దువ్వితే కరిచే ముసలి కుక్కకి వీపు మీద 4ఎఫ్ నేను మానను.

రెండుపొరల_రాణి:
లాబ్‌కైతే కానివ్వండి. హస్కీకి మాత్రం వద్దు.