స్పిట్‌ఫైర్ మార్క్ 3: కోని షాకులు ఎంత బిగించాలి?

సైనిక్‌పురి స్పిట్
బండి 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3, చిన్న స్పోర్ట్స్ కారు. నాలుగు చక్రాలకూ ఎర్ర కోనీలు, అంటే బిగింపు మార్చుకోగల కోని కంపెనీ షాక్ అబ్జార్బర్లు, వేయించాను. ఇప్పుడు ఎంత బిర్రుగా ఉందంటే, ఈసీఐఎల్ రోడ్డు మీద రూపాయి బిళ్ల ఎక్కినా బొమ్మో బొరుసో చెప్పేయొచ్చు. ముందూ వెనుకా ఒకే సెట్టింగ్ పెట్టాలా? విప్పకుండా బండికి ఉండగానే తిప్పొచ్చా? సిటీకీ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్)కీ రెండింటికీ సరిపడేలా ఎవరైనా పెట్టుకున్నారా? హైదరాబాద్‌లో ఈ పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి.

మౌలాలి ఎంజీబీ
మీకు తిప్పడానికి ఏదో ఒకటైనా ఉంది. మా ఎంజీబీ కారుకి ఆర్మ్‌స్ట్రాంగ్ లీవర్ షాకులు, అంటే నూనె పెట్టె, దానికో ఊగే చెయ్యి. ముందు వైపైతే షాకు చెయ్యే పై విష్‌బోన్ (చక్రాన్ని పైన పట్టుకునే చెయ్యి), అంటే షాకు అరిగిందంటే చక్రం కూడా ఊగుతుంది. మూత తీసి 20 నంబరు ఫోర్క్ ఆయిల్ పోసి, చేతిని పైకీ కిందకీ ఆడించి గాలి తీశాను. లోపల గాలి ఉంటే చెయ్యి మొదట కాస్త దూరం ఊరికే జారిపోయి, ఆ తర్వాతే బరువు తగులుతుంది. ఆ జారుడు పూర్తిగా పోయేదాకా ఆడిస్తూ, నూనె దిగిన కొద్దీ పోస్తూ ఉండాలి. నాకైతే కొత్త బండి నడిపినట్టే ఉంది.

రాణిగంజ్ రాజా
ఫోర్క్ ఆయిల్ ఎందుకన్నా, డబ్బులు ఎక్కువైనయా? 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ పొయ్యి, మస్తుగ ఉంటది. మా బాపు హెరాల్డ్‌ల గూడ గదే పోసేటోడు.

హెరాల్డ్ మామ
రాజా, హెరాల్డ్‌కి నాలుగు వైపులా టెలిస్కోపిక్ షాకులు, గొట్టంలోకి రాడ్ దూరే రకం. అవి సీల్ చేసి వస్తాయి. మీ బాపు ఇంజన్ ఆయిల్ ఎక్కడ పోశాడో కొంచెం చెప్పు, మేమూ నేర్చుకుంటాం.

రాణిగంజ్ రాజా
మోరిస్ మైనర్ అనబోయి రాసిన. దానికి లీవర్ షాకులే గదా. మాట పట్టుకొని ఎగతాళి చేసుడు మానుండ్రి. నూనె నూనెనే.

మౌలాలి ఎంజీబీ
నూనె నూనే అంటే ఎలా? ఇంజన్ ఆయిల్ మీద ఉన్న 20కీ ఫోర్క్ ఆయిల్ మీద ఉన్న 20కీ సంబంధం లేదు. ఫోర్క్ ఆయిల్ నంబర్లు కంపెనీకో తీరు. చూడాల్సింది డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) అని. 20డబ్ల్యూ-50 దాని కన్నా చాలా చిక్కన. అది పోస్తే వాల్వులోంచి త్వరగా పారదు, జనవరి పొద్దున చక్రం బిగుసుకున్నట్టే ఉంటుంది. మే నెల మధ్యాహ్నానికి ఇంకో తీరు.

రాణిగంజ్ రాజా
నువ్వు పుస్తకం చదివినవ్, మేం బండి నడిపినం.

ర్యాలీ అంకుల్
ఇద్దరూ ఆగండి. ఆయన అడిగింది నూనె గురించి కాదు. మీలో సగం మంది పుట్టకముందు నుంచీ నేను సస్పెన్షన్ చేస్తున్నాను కాబట్టి వినండి. ఎర్ర కోనిని బండికి ఉండగా తిప్పలేరు, విప్పాల్సిందే. బంప్ రబ్బరు (దెబ్బ ఆపే రబ్బరు) లోపల ఉంటే తీసేయండి. కింది కన్ను (బోల్టు దూరే రింగు) వైస్‌లో పట్టి, షాకును నిలువుగా పూర్తిగా కిందకి నొక్కండి. నొక్కి పట్టే పై రాడ్‌ను మెల్లగా ఎడమకు తిప్పితే, లోపలి పళ్లు గాడిలో కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. ఇంకా ఎడమకే తిప్పుతూ, ఆగే దాకా ఎన్ని అర చుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. ఆగాక బలం వాడొద్దు. అక్కడ అన్నిటికన్నా మెత్తన. అక్కడి నుంచి కుడికి తిప్పిన కొద్దీ గట్టి. మొత్తం మీద ఐదు అర చుట్ల దాకా ఉంటుంది. అయ్యాక నిలువుగా ఓ సెంటీమీటరు పైకి లాగితే పళ్లు విడిపోతాయి, ఆ తర్వాతే మామూలుగా తిప్పాలి. ఎడమ కుడి చక్రాలకు ఒకటే లెక్క ఉండాలి. కొత్త షాకు పెట్టెలోంచి తీసి సున్నా మీదే ఉందని నమ్మి బిగించేవాళ్లంటే నాకు జాలి.

తార్నాక టర్నర్
అంకుల్ గారూ, ఎడమకు తిప్పితే గట్టి అని మా మేస్త్రీ చెప్పాడు. అలాగే చేస్తున్నాం, బాగానే ఉంది.

ర్యాలీ అంకుల్
మీ మేస్త్రీ రాడ్ వైస్‌లో పట్టి షాకు బాడీ తిప్పాడేమో అడగండి. అప్పుడు తిరుగుడు ఉల్టా అవుతుంది. నేను రాసింది బాడీ కదలకుండా రాడ్ తిప్పడం గురించి.

తార్నాక టర్నర్
అంటే మా మేస్త్రీ తప్పు అంటారా? ఆయన చేతిలో ఎన్ని బండ్లు బాగుపడ్డాయో మీకు తెలుసా? అందరినీ చిన్నపిల్లల్లా మాట్లాడటం ఏంటి?

హెరాల్డ్ మామ
తప్పని ఎవరన్నారయ్యా, ఏది పట్టుకున్నాడో అడగమన్నాడంతే. సైనిక్‌పురీ, ఇది విను. స్పిట్‌ఫైర్ పుట్టిందే హెరాల్డ్ ఛాసిస్ కుదించి. మన హెరాల్డ్‌లు మద్రాసులో తయారయ్యాయి కాబట్టి ముందు సస్పెన్షన్ సామాను కొన్ని ఇక్కడే దొరుకుతాయి. షాకుల కన్నా ముందు కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు చూసుకో. రబ్బరు చచ్చిపోయి ఉంటే కోని కాదు కదా, ఏది వేసినా దడదడే. వెనుక స్వింగ్ యాక్సిల్, అంటే చక్రంతో పాటు దాని వైపు ఇరుసూ ఊగుతుంది; స్ప్రింగుగా అడ్డ కమాన్ పట్టీ. మలుపులో ఠక్కున యాక్సిలరేటర్ వదిలితే బయటి చక్రం లోపలికి మడత పడుతుంది. ఆ జబ్బుకు షాకులు మందు కాదు. 1970లో మార్క్ 4కి కమాన్ మార్చాకే తగ్గింది.

పద్మిని ప్రియుడు
నా పద్మిని కారు కింద తగులుతోంది. షాకులు బిగిస్తే ఎత్తు పెరుగుతుందా?

మౌలాలి ఎంజీబీ
పెరగదు. ఎత్తు స్ప్రింగుల పని. షాకు చేసేది ఊపు ఆపడమే.

సైనిక్‌పురి స్పిట్
మరి నాకొకటి చెప్పండి. మా కాలనీ గేటు దగ్గర వరసగా పసుపు పట్టీల స్పీడ్ బ్రేకర్లు వేశారు. మొదటి దాని మీద సైలెన్సర్ తగలదు. చివరి వాటికి వచ్చేసరికి గర్‌ర్‌మని గీసుకుంటుంది. వేగం ఒకటే, అన్నీ ఒకే ఎత్తు.

ర్యాలీ అంకుల్
అదే మీ జబ్బు! ఎర్ర కోనిలో తిప్పేది రిబౌండ్ ఒక్కటే, అంటే నొక్కుకున్న షాకు మళ్లీ సాగేటప్పటి బిగింపు. అది మరీ గట్టిగా ఉంటే, చక్రం పట్టీ ఎక్కి పైకి వెళ్తుంది కానీ కిందకి దిగేలోపే తర్వాతి పట్టీ వచ్చేస్తుంది. అలా పట్టీ పట్టీకీ బండి కూర్చుంటూ పోతుంది. పద్మిని బాబుకు కూడా ఇదే జవాబు, గట్టి చేస్తే ఇంకా కూర్చుంటుంది. నాలుగూ సున్నాకు తెచ్చి నడపండి. పైన ఊగినట్టు అనిపిస్తే ముందు షాకులకు అర చుట్టు పెంచండి, మళ్లీ నడపండి. వెనుక వాటిని తొందరపడి ముట్టుకోవద్దు, అసలే ఆ వెనుక భాగం అమాయకమైంది కాదు. కోని వాళ్లు ఆ సర్దుబాటు ఇచ్చిందే అరిగినప్పుడు పూడ్చుకోవడానికి. కొత్తవాటిని మొదటి రోజే బిగిస్తే రేపు పెంచడానికి ఏం మిగులుతుంది?

హెరాల్డ్ మామ
టైరు గాలి కూడా చెప్పండి. ఇది ఏడు వందల కిలోల బండి. స్పిట్‌ఫైర్‌కి ముందు తక్కువ, వెనుక ఎక్కువ ఉండాలి. బంకులో కుర్రాడు చెప్పకుండానే నాలుగింటికీ 32 కొట్టేస్తాడు. షాకులను తిట్టుకునే వాళ్లలో చాలామందికి అసలు రోగం అదే.

రాణిగంజ్ రాజా
గిదైతే నిజం.

తార్నాక టర్నర్
అడగడం మర్చిపోయాను. షాకులు మారిస్తే వీఏ నంబరు (వింటేజ్ బండ్ల నంబరు) ఇస్తారా? యాభై ఏళ్లు దాటిన బండికి 2021 రూల్స్ ప్రకారం అసలు రూపంలోనే ఉండాలంటున్నారు.

మౌలాలి ఎంజీబీ
ఆ రూల్స్‌లో ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పుల గురించి ఉంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేలు. అయినా పాత షాకులు పారేయకండి, అటక మీద పెట్టండి. ఆఫీసులో ఎవరు ఏం అడుగుతారో తెలియదు.

పద్మిని ప్రియుడు
చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్‌కు షాకులు ఉంటాయా?

హెరాల్డ్ మామ
తమ్ముడూ, కొత్త చర్చ పెట్టుకో.

సైనిక్‌పురి స్పిట్
సున్నాకు తెచ్చాను. వెనుక రెండూ పెట్టెలోంచి వచ్చినప్పుడే రెండు అర చుట్లు బిగించి ఉన్నాయి, ముందువి ఒకటి సున్నా, ఒకటి ఒకటిన్నర! గాలి కూడా సరిచేశాను. గేటు దగ్గర ఇప్పుడు గీసుకోవడం లేదు. ఓఆర్‌ఆర్ మీద 80 దాటాక ముందు భాగం కొంచెం తేలుతోంది, అర చుట్టు పెంచి చూస్తాను. ఇంతకీ మేస్త్రీ సంగతి ఎవరూ చెప్పలేదు.

రాణిగంజ్ రాజా
పెద్ద వైస్ మా దుకాణంల ఉన్నది. ఆదివారం షాకులు విప్పి పట్టుకరా. అంకుల్‌ను గూడ పిలువు, తిట్టుడు ఆయనకు బాగ వచ్చు.