బాంబెర్గ్‌లో పొగ బీరు: ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న

జర్మనీలో ఎర్లాంగెన్ నుంచి నలుగురం ఒక శనివారం పక్కనే ఉన్న బాంబెర్గ్ ఊరు వెళ్లి రావాలనుకుంటున్నాం. అందరికీ డాయిచ్‌లాండ్ టికెట్ (లోకల్ రైళ్ల నెల పాస్) ఉంది. అక్కడి ష్లెంకెర్లా బ్రూవరీ పొగ బీరును మొదటి గుక్కకే పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది ఉంటారని విన్నాం. అలా కాకుండా సరిగ్గా రుచి చూడాలంటే ఏ బ్రూవరీతో మొదలుపెట్టాలి? చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు పెట్టి ఇస్తారా? మాలో ఒకరు శాకాహారి, ఒకరు మందు ముట్టరు. సంక్రాంతికి ఇంటికెళ్లేటప్పుడు కొన్ని సీసాలు పట్టుకెళ్లాలని కూడా ఉంది.

జవాబు 1

వరస కుదిరితే సగం పని అయినట్టేనండి. పొగ లేనిది ముందు, తేలిక పొగ ఆ తర్వాత, ఘాటు పొగ చివర. ఊరు కూడా అందుకు తగ్గట్టే ఉంది. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఓబెరె క్యోనిగ్‌స్ట్రాస్సె. వీధికి ఒక పక్క ఫెస్లా బ్రూవరీ (1649లో మొదలైంది), సరిగ్గా ఎదురుగా ష్పెట్సియాల్ (1536). ఫెస్లాలో పొగ లేని మామూలు లాగర్ బీరు తాగి, రోడ్డు దాటి ష్పెట్సియాల్‌లో తేలిక పొగ బీరు తీసుకోండి. అక్కణ్నుంచి రెగ్నిట్జ్ నది దాటి పావుగంట నడిస్తే పాత ఊళ్లో ష్లెంకెర్లా. వెళ్లే ముందు వేళలు తప్పక చూసుకోండి. వారంలో ఒక రోజు సెలవు, శనివారం మధ్యాహ్నానికే మూసేయడం అక్కడ మామూలే.

ష్లెంకెర్లా పొగ బీరు పేరు మెర్ట్‌సెన్, ఆల్కహాల్ 5.1 శాతం. ఓక్ పీపాలోంచి, గ్యాస్ ఒత్తిడి లేకుండా, తనంతట తాను కారేలా పోస్తారు. చూడ్డానికి నల్లగా ఉంటుంది, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అంచుల్లో ఎరుపు కనిపిస్తుంది. ముక్కుకి ముందుగా తగిలేది, పచ్చడి కోసం కట్టెల పొయ్యి మీద కాల్చిన వంకాయ తొక్క తీస్తున్నప్పుడు వచ్చే వాసన. బార్లీ మొలకలను (ఆరాక ఇవే మాల్ట్) బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగలో ఉండే గ్వాయకాల్ లాంటి ఫినాల్స్ అనే వాసన పదార్థాలు గింజకు పట్టేస్తాయి. వేడిగాలి బట్టీలు రాకముందు చాలా చోట్ల మాల్ట్ ఇలాగే నిప్పు మీద ఆరేది. బాంబెర్గ్‌లో ష్పెట్సియాల్, ష్లెంకెర్లా రెండూ ఆ పద్ధతి వదల్లేదు, ఇప్పటికీ పొగ మాల్ట్ సొంతంగానే చేసుకుంటాయి.

మొదటి గుక్కతో తీర్పు చెప్పొద్దు. ముక్కు పొగకు అలవాటు పడ్డానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గ్లాసు మూడో వంతు దిగాక మాల్ట్ తీపి, దాని వెనక హాప్స్ అనే పూల చేదు బయటికొస్తాయి. అక్కడిదాకా ఓపిక పట్టినవాళ్లే రెండో గ్లాసు అడుగుతారు. మరీ చల్లగా తాగితే మాల్ట్ అణిగిపోయి పొగే మిగులుతుంది, 8-10 డిగ్రీలు సరిపోతుంది. ముందే మిర్చి బజ్జీ, ఆవకాయ లాంటివి తిని వెళ్తే నాలుక మొద్దుబారి ఏ తేడా తెలీదు.

జవాబు 2

చిన్న గ్లాసుల పళ్లెం అమెరికా బ్రూవరీల పద్ధతి. ఈ పాత పబ్బుల్లో దాన్ని ఆశించొద్దు. ఇక్కడ కొలత అర లీటరు, వాళ్ల మాటలో జైడ్లా. కొన్ని చోట్ల చివర్లో 'ష్నిట్' అడిగితే సగం గ్లాసు పోస్తారు, అడగడంలో తప్పులేదు. నా సలహా మాత్రం ప్రతి చోటా ముగ్గురికి రెండు గ్లాసులు తెప్పించి పంచుకోవడం.

లెక్క వేసుకోండి. 5.1 శాతం బీరు అర లీటరులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన 650 మి.లీ. స్ట్రాంగ్ సీసా 7 శాతం అనుకున్నా 36 గ్రాములు. అంటే ఇక్కడ మూడు జైడ్లాలు ఒకటిన్నర స్ట్రాంగ్ సీసాల పైమాటే. చలికాలంలో దొరికే ష్లెంకెర్లా ఘాటు బీరు ఉర్‌బాక్ 6.5 శాతం, అర లీటరుకి 26 గ్రాములు. దాన్ని మెర్ట్‌సెన్ కంటే ముందు తాగారంటే మెర్ట్‌సెన్ నీళ్లలా అనిపిస్తుంది.

బల్లలు అందరివీ. ఖాళీ కనిపిస్తే 'ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?' (ఇక్కడ ఖాళీయేనా?) అని అడిగి కూర్చోండి. 'ష్టామ్‌టిష్' అని బోర్డున్న బల్ల రోజూ వచ్చేవాళ్లది, దాని జోలికి వెళ్లొద్దు. గ్లాసు కింది అట్టముక్క మీద గీతలు పెడతారు, బిల్లు అదే, పారేయకండి. నగదు దగ్గర ఉంచుకోండి.

మందు ముట్టని ఆయనకి: 'ఆల్కహోల్‌ఫ్రై' అని రాసున్న బీరులో 0.5 శాతం దాకా ఉండొచ్చు. అసలే వద్దనుకుంటే ఆప్‌ఫెల్‌షోర్లె అడగండి, సోడా కలిపిన యాపిల్ రసం.

జవాబు 3

శాకాహారి విషయంలో జాగ్రత్త. బాంబెర్గ్ ఉల్లిపాయ అని పేరు చూసి ఆర్డర్ ఇచ్చేస్తారు, లోపల కూరేది మాంసం. బంగాళాదుంప ముద్దలు 'క్లోసె' మంచివే గానీ పైన పోసే పులుసు మాంసంతో కాచింది. సావర్‌క్రౌట్‌లో (పులియబెట్టిన క్యాబేజీ) కూడా బేకన్ ముక్కలు పడుతుంటాయి. నమ్మకంగా దొరికేది గెరుప్ఫ్‌టర్: మెత్తటి చీజు, వెన్న, ఉల్లి, పాప్రికా (ఎర్ర మిరప) పొడి కలిపిన ముద్ద. బ్రెడ్‌తో తింటే పొగ బీరుకి భలే నప్పుతుంది. 'ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్' (మాంసం లేకుండా, బేకన్ లేకుండా) అని రెండూ కలిపి చెప్పండి. మాంసం వద్దంటే బేకన్ కూడా వద్దని వాళ్లకు తట్టకపోవచ్చు.

జవాబు 4

జవాబు 1లో వరసతో ఏకీభవిస్తాను. కాళ్లలో ఓపికుంటే వుండర్‌బుర్గ్ పేటలో మార్స్ బ్రాయ్ బ్రూవరీ కూడా చూడండి. అక్కడ 'ఆ ఉ' అంటే చాలు, ఉన్‌గెష్పుండెట్ అనే బీరు తెచ్చి పెడతారు. పీపా బిగించకుండా మాగబెట్టింది కాబట్టి గ్యాస్ తక్కువ, కడుపు ఉబ్బరం ఉండదు.

ఇంకో మాట. పొగ బీరులో తప్పు పట్టడం కొత్తవాళ్లకి కష్టం. కాల్చిన వాసన, బేకన్ వాసన ఉండాల్సినవే. బ్యాండేజీ, ఆసుపత్రి వాసన వస్తే మాత్రం అది పొగ కాదు. క్లోరిన్ మిగిలిపోయి ఫినాల్స్‌తో కలిస్తే అలా అవుతుంది. తడి అట్టపెట్టె వాసనైతే గాలి తగిలి పాతబడింది. పుల్లగా ఉంటే పైపులోనో పీపాలోనో బ్యాక్టీరియా చేరింది.

సీసాలకి: ఇండియాలో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్ల మద్యం తేవచ్చు, అంటే అర లీటరువి నాలుగు. క్యాబిన్‌లోకి రానివ్వరు, చెకిన్ సామానులోనే. ఒక్కోదాన్ని మందపాటి సాక్సులో దూర్చి, పైన ప్లాస్టిక్ కవర్ కట్టి, పెట్టె మధ్యలో నిలబెట్టి చుట్టూ బట్టలు కుక్కండి. పగిలేది ఎక్కువగా పెట్టె మూలల్లో పెట్టినవే. ఇంటికి చేరాక రెండు రోజులు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచి, తాగే ముందు పది నిమిషాలు బయట పెట్టండి.