1967 మస్టాంగ్ జీటీకి నమ్మదగిన బ్రేకు సామాను ఎక్కడ దొరుకుతుంది?

ఆటోనగర్ అబ్బాయి (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1967 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఫాస్ట్‌బ్యాక్ ఉంది. ఇంజిన్ 390 ఘనపు అంగుళాలది. బండి నంబరు 7ఆర్02ఎస్‌తో మొదలవుతుంది (ఆర్ శాన్ హోసేకు, ఎస్ ఈ ఇంజిన్‌కు గుర్తు) కాబట్టి శాన్ హోసే ఫ్యాక్టరీలో తయారైన బండి, ఇంజిన్ కూడా దానితో పుట్టిన రకమే. ఒక షెడ్డులో 22 ఏళ్లు కదలకుండా పడి ఉన్నదాన్ని నిరుడు కొన్నాను. ఇంజిన్ తిరిగింది, గేర్లు పడుతున్నాయి, రేడియేటర్ పని అయిపోయింది. బ్రేకుల దగ్గరే నాకు నిద్ర పట్టడం లేదు.

ముందు చక్రాలకు కెల్సీ-హేస్ డిస్కు బ్రేకులు ఉన్నాయి. ఒక్కో కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) నాలుగు పిస్టన్లు. విప్పి చూస్తే ఎనిమిదింటిలో అయిదు బిగుసుకుపోయి ఉన్నాయి. లోపలి బ్రేక్ ఆయిల్ కషాయం రంగుకు తిరిగి, అడుగున మడ్డి కట్టింది. సరే, వీటితో కుస్తీ ఎందుకని ఇంటర్నెట్‌లో ‘పూర్తిగా బాగుచేసినవి’ అని అమ్ముతున్న జత తెప్పించాను. చక్కగా బూడిదరంగు వేసి, పెట్టెలో పెట్టి పంపారు. బిగించాను, గొట్టాల్లోని గాలి తీశాను, పెడల్ గట్టిగా వచ్చింది. మూడో వారం మా వీధిలోనే నెమ్మదిగా నడుపుతూ బ్రేకు వేస్తే బండి కుడికి లాగింది. ఎడమ చక్రం విప్పాను. ప్యాడ్ల మీదికి ఆయిల్ కారి నిగనిగలాడుతోంది. పిస్టన్ బయటికి తీసి బోరు (పిస్టన్ కదిలే రంధ్రం) లోపల వేలు పెట్టి తడిమితే, గోడ మీద గుంటలు గోటికి తగులుతున్నాయి. పైన రంగు కొత్తది, లోపల రోగం పాతదే. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే, బిగించడంలో నా పొరపాటే అయి ఉంటుందన్నారు.

మా నాన్నగారిది విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్రేకు షూలకు లైనర్లు (డ్రమ్ముకు రాసుకునే పొర) కొట్టే షాపు. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్లేవాణ్ణి. సామాను ఎక్కడ కొనాలన్న సందేహమే ఆయనకు ఎప్పుడూ రాలేదు. నాలుగు అడుగులు వేస్తే తెలిసిన షాపు, చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకోవడమే. ఇక్కడ నేను చూసేది ఫోటోలు, నక్షత్రాలు, ఎవరో రాసిన నాలుగు మంచి మాటలు. ఆ సామాను తీసుకెళ్లి మా అమ్మాయి కూర్చునే బండికి బిగించాలి. దానికి తొమ్మిదేళ్లు. ఎప్పుడు తిప్పుతావని రోజూ అడుగుతుంది. ఇంతవరకు ఎక్కించలేదు.

ఈ బండికి కాలిపర్లు, వెనుక డ్రమ్ముల సామాను, గొట్టాలు, హోసులు మీరు ఎవరి దగ్గర కొన్నారు? కొనేముందు ఏమి అడిగారు? ఇంకొక సంగతి: నా పాత కాలిపర్లు ఈ నెల పదో తేదీలోపు ఆ అమ్మినవాళ్లకు పంపితే 150 డాలర్ల డిపాజిట్ వెనక్కి ఇస్తారట. పంపేయమంటారా?

నోవై నివాసి (మిషిగన్)

ఆటోనగర్ అబ్బాయి గారూ, మిగతావి తరువాత. ముందు ఆ పాత కాలిపర్లు ఎక్కడికీ పంపకండి. 150 డాలర్లు పోతే పోనివ్వండి. వాటికంటే మంచివి మీకు బయట దొరకవు.

నేను ఇక్కడ బ్రేకులు పరీక్షించే ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మీకు జరిగింది కొత్త కథ కాదు. మస్టాంగ్‌లో ఈ నాలుగు పిస్టన్ల కాలిపర్ వాడింది 1965 నుంచి 1967 వరకే. 1968లో ఫోర్డ్ ఒకే పిస్టన్ ఉన్న జారుడు కాలిపర్‌కు మారిపోయింది. కాబట్టి ఎక్కువగా లోకంలో మిగిలినవే తిరిగి తిరిగి అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆ తేమే పోత ఇనుమును తుప్పు పట్టించి గుంటలు చేస్తుంది. బాగుచేసేవాళ్లలో చాలామంది రాయితో లోపల నునుపు చేసి, కొత్త సీళ్లు వేసి పంపిస్తారు. గుంట లోతుగా ఉంటే నునుపు చేయడంతో పోదు, పైగా బోరు వెడల్పవుతుంది. 1965 నుంచి 1982 దాకా వచ్చిన కార్వెట్లకూ సరిగ్గా ఇదే జబ్బు. మందు కూడా ఒకటే: బోరును పెద్దది చేసి, స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు (లోపలి గొట్టం తొడుగు) దింపి, మళ్లీ అసలు కొలతకు తేవడం.

అందుకే అమ్మేవాళ్లను నేను ఫోనులో అడిగేది ఒకటే ప్రశ్న. ‘ఎనిమిది బోర్లకూ స్లీవు వేశారా, నునుపు మాత్రమే చేశారా?’ పని చేసినవాడు వెంటనే చెబుతాడు, స్లీవు దేనితో చేశారో కూడా చెబుతాడు. వెబ్‌సైటులో ఉన్నదే చదివి వినిపించేవాడి దగ్గర కొనను. మీ కాలిపర్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి వాటికే స్లీవులు వేయించండి. ఇత్తడి స్లీవు వేసేవాళ్లూ ఉన్నారు. వర్జీనియాలోని వైట్ పోస్ట్ రెస్టొరేషన్స్ పాత బండ్ల మాస్టర్ సిలిండర్లకు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేవి), వీల్ సిలిండర్లకు (డ్రమ్ములో షూలను తోసేవి) ఆ పని చేయడంలో పేరున్న చోటు.

మిగతా సామానుకు ఒకే కొట్టును నమ్ముకోవద్దు. మస్టాంగ్‌కే ప్రత్యేకమైన క్లిప్పులు, బ్రాకెట్లు నేను నేషనల్ పార్ట్స్ డిపోలో కొంటాను. ఫోను తీసేవాళ్లకు బండి సంగతి తెలుసు. వెనుక వీల్ సిలిండర్లు, స్ప్రింగులు రాక్‌ఆటోలో చూడండి. ఒకే భాగాన్ని నాలుగైదు కంపెనీల పేర్లతో పక్కపక్కన చూపిస్తారు కాబట్టి పోల్చుకోవచ్చు. ఉక్కు గొట్టాలు వంపులు తిప్పి సిద్ధంగా పంపడంలో మా మిషిగన్‌లోనే ఉన్న ఇన్‌లైన్ ట్యూబ్ పని బాగుంటుంది. సొంతంగా వంచుకుంటానంటే నికెల్-రాగి గొట్టం తీసుకోండి. చేతికి లొంగుతుంది, తుప్పు పట్టదు. చివరలు మాత్రం రెండు మడతల ఫ్లేరు (గొట్టం కొసను విప్పి లోపలికి మడవడం) వేయాలి. నీళ్ల పైపులకు వాడే కంప్రెషన్ బిగింపులు బ్రేకుల్లో ఎక్కడా పనికిరావు.

రబ్బరు హోసు చేతికి రాగానే దాని మీద అచ్చు చదవండి. డాట్ (అమెరికా రవాణా శాఖ) అన్న గుర్తు, తయారీదారు గుర్తు, తయారైన తేదీ ఉండాలని ఇక్కడి ప్రభుత్వ నిబంధన. అవి లేకపోతే పెట్టె మీద ఎంత గొప్ప పేరున్నా వెనక్కి పంపేయండి. పాత హోసు పైకి బాగున్నా లోపల ఉబ్బి మూసుకుపోతుంది. పెడల్ తొక్కితే ఆయిల్ వెళుతుంది, వదిలితే తిరిగి రాదు, చక్రం పట్టేసి ఉంటుంది. మూడు హోసులూ మార్చండి.

వసంతంలో ఫోర్ట్‌వర్త్ దగ్గర టెక్సస్ మోటార్ స్పీడ్‌వేలో పేట్ స్వాప్ మీట్ అనే పాత సామాను సంత జరుగుతుంది. మీకు దగ్గరే కాబట్టి తప్పక వెళ్లండి, చేత్తో పట్టుకుని చూడాలన్న కోరిక తీరుతుంది. అక్కడ ఎన్నడూ తెరవని అసలు ఫోర్డ్ పెట్టెలు కనిపిస్తాయి. లీవర్లు, పలకలు కళ్లు మూసుకుని కొనవచ్చు. అదే పెట్టెలో రబ్బరు ఉంటే, దాని వయసూ యాభై దాటిందని మరచిపోకండి.

ఫ్రీమాంట్ 66 (కాలిఫోర్నియా)

నోవై గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతాను. నాది 1966 కూపే, నాలుగు చక్రాలకూ డ్రమ్ములు. మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది, అంటే ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా మొత్తం బ్రేకులు పోయినట్టే. మీ 67కు ఆ భయం లేదు, ఆ ఏడాది నుంచి రెండు గదులు వచ్చాయి. నేను ముందు డిస్కులు వేయించి, మాస్టర్ సిలిండర్ చౌకగా వచ్చిందని వేరే చోట కొన్నాను. బోల్టులు సరిపోయాయి, కొలత సరిపోయింది. పది మైళ్లు నడిపేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. చేయి దగ్గరకు పెట్టలేనంత సెగ, డిస్కులు నీలం రంగుకు తిరిగాయి. విషయం ఏమిటంటే అది డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్. అందులో చిన్న వాల్వు ఉండి, పెడల్ వదిలినా గొట్టంలో దాదాపు పది పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డ్రమ్ముకు అది అవసరం. డిస్కుకు ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి.

అప్పటి నుంచి మాస్టర్ సిలిండర్, బూస్టర్ (తొక్కిన బలాన్ని పెంచేది), వాల్వులు ఈ మూడూ ఒకే చోట, ఒకే సెట్టుగా కొంటున్నాను. ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే. నాకు ఆ రోజు హైవే మీద కాకుండా ఊళ్లోనే తెలియడం అదృష్టం.

హ్యూస్టన్ గ్యారేజీ

వెనుక డ్రమ్ములు విప్పేటప్పుడు ధూళిని కంప్రెసర్‌తో ఊదకండి. ఆ కాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిపి, తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టేయండి. పిల్ల ఇంట్లో ఉంది కాబట్టి చెబుతున్నాను. షూలు కొనేముందు వెడల్పు కొలవండి, ఇంజిన్‌ను బట్టి మారుతుంది. చిన్న లైనరు ఉన్న షూ బండి ముందువైపు రావాలి, పెద్దది వెనుకవైపు. బిగుతు సరిచేసే పళ్ల చక్రాలు ఎడమకు, కుడికి వేరువేరు. తారుమారైతే బిగియాల్సింది వదులవుతూ పోతుంది.

ఆటోనగర్ అబ్బాయి

ముగ్గురికీ ధన్యవాదాలు. కాలిపర్లు పంపలేదు. పెట్టె సిద్ధంగానే ఉంది, చిరునామా కూడా అతికించాను. నిన్న రాత్రి ఆ చీటీ పీకేశాను.

ఈ రోజు మధ్యాహ్నం మూడు చోట్లకు ఫోను చేసి నోవై గారి ప్రశ్నే అడిగాను. ఒకాయన కనుక్కుని చెబుతానన్నారు. ఒకరు ‘ఫ్యాక్టరీ నాణ్యత’ అని రెండుసార్లు అన్నారు. మూడో ఆయన, ‘కెల్సీ-హేసా? రెండు సగాలనూ కలిపే సన్న గొట్టం బాగుందా, విరిగిందా?’ అని నన్నే ఎదురు అడిగారు. పని ఆయనకే ఇస్తున్నాను. హోసుల అచ్చు కూడా చూశాను. ముందువాటి మీద తేదీ ఉంది, నాలుగు నెలల కిందటిది. వెనుకదాని మీద ఏ అచ్చూ లేదు, వెనక్కి పంపుతున్నాను.

వెనుక షూల సంగతి వీడియో కాల్‌లో నాన్నగారికి చూపించాను. ఆయనకు ఇప్పుడు 74 ఏళ్లు. ‘సుద్దముక్క ఉందా?’ అన్నారు. అమ్మాయి బొమ్మలు గీసుకునే సుద్ద తెచ్చింది. డ్రమ్ము లోపల పూయించి, షూను చేత్తో ఆనించి ఇటూ అటూ కదిలించమన్నారు. ఒక షూకు తెలుపు నడుమ అంటింది, రెండు చివరలా తలవెంట్రుకంత సందు మిగిలింది. అది మంచిదట. రెండోదానికి తెలుపు చివరలకే అంటింది, నడుమ నల్లగానే ఉంది. ‘అది వేయకు. బ్రేకు వేయగానే పట్టేస్తుంది, కీచుమంటుంది’ అన్నారు. రెండూ ఒకే పెట్టెలో వచ్చినవి. లారీ షూలు చూసిన కళ్లతోనే తొమ్మిది వేల మైళ్ల అవతల నుంచి తప్పు పట్టేశారు. సంతోషంతో నాకు నోట మాట రాలేదు.

చివరిగా ఒక్కటి. తేమ పీల్చదంటున్నారు కదా, సిలికాన్ రకం డాట్ 5 పోయమంటారా?

నోవై నివాసి

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ సుద్ద పరీక్ష తెలిసినవాళ్లు ఇక్కడ కూడా తక్కువమందే మిగిలారు.

డాట్ 5 వద్దు. పాత ఆయిల్‌తో అది కలవదు. గొట్టాలు, సీళ్లు అన్నీ కొత్తవైతే తప్ప దాని జోలికి వెళ్లకూడదు. అందులో బుడగలు నిలిచిపోయి పెడల్ మెత్తగా ఉంటుంది. డాట్ 3 పోసి, రెండేళ్లకోసారి పూర్తిగా మార్చండి. మాస్టర్ సిలిండర్ బిగించకముందే బల్ల మీద దాని గాలి తీయండి. తరువాత దూరపు చక్రంతో మొదలుపెట్టండి. వెనుక కుడి, వెనుక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ.

కాలిపర్లు పంపేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, పోత మీది అంకెలు రాసి పెట్టుకోండి. ఏ సగానికి ఏది జతో సన్నని పంచ్‌తో గుర్తు కొట్టండి. ఆ సన్న గొట్టాలు మాత్రం విడిగా పెట్టెలో కట్టి పంపండి, దారిలో వంగేవి అవే.