గది చల్లగానే ఉన్నా బీరుకు నెయిల్ పాలిష్ వాసన ఎందుకు?

ప్రశ్న: మేం ఉండేది డాలస్‌లో. ఇంట్లోనే 5 గాలన్ల పేల్ ఏల్ (ఒక రకం బీరు) చేసి, ఏసీ 24 డిగ్రీల సెల్సియస్ ఉన్న గదిలో పులియబెట్టాను. పులియబెట్టడానికి వేసిన ఈస్ట్ యూఎస్-05 రకం. ఇప్పుడు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొడుతోంది. తేడా ఎక్కడ వచ్చిందండీ?

జవాబు: గది 24లో ఉంటే బీరూ 24లో ఉన్నట్టు కాదండీ. ఈస్ట్ చక్కెర తింటుంటే వేడి పుడుతుంది. నురగ జోరుగా పొంగే మొదటి రెండు మూడు రోజులు లోపల గదికంటే 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఆ వేడికి ఫ్యూజెల్ ఆల్కహాల్స్ (ఘాటైన ఆల్కహాల్స్), ఇథైల్ ఎసిటేట్ (సాల్వెంట్ వాసన కొట్టే పదార్థం) పెరుగుతాయి. ఆ వాసన వాటిదే, ఎన్నాళ్లు నిల్వ పెట్టినా దాదాపు పోదు. ఈ ఈస్ట్‌కి 18-20 మంచిది. ఇంతకీ ఈస్ట్ చల్లినప్పుడు వోర్ట్ (మరిగించి తీసిన, ఇంకా పులియని మాల్ట్ రసం) ఎన్ని డిగ్రీలు ఉంది?

ప్రశ్న: స్టిక్కర్ థర్మామీటర్ 29 చూపించింది. కుళాయి నీళ్లతో అంతకంటే దిగలేదు.

జవాబు: అసలు దెబ్బ అక్కడే. ఎండాకాలం అక్కడి కుళాయి నీళ్లే గోరువెచ్చన. 35కి దిగాక కుళాయి ఆపేసి, బకెట్‌లో ఐసు నీళ్లు పోసి, వోర్ట్‌ను చల్లార్చే గొట్టపు చుట్ట (కాయిల్)లో చిన్న పంపుతో తిప్పండి. 18కి వచ్చాకే ఈస్ట్.

మరొకరు: ఆ తర్వాత చల్లగా నిలపడానికి పాత చెస్ట్ ఫ్రీజర్‌ను మించింది లేదు. కొనేముందు ఎయిర్‌లాక్‌తో (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) కలిపి ఫెర్మెంటర్ (బీరు పులిసే డబ్బా) ఎత్తు కొలుచుకోండి. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటి ఉష్ణోగ్రత కంట్రోలర్‌కి రెండు సాకెట్లుంటాయి: ఒకదానికి ఫ్రీజర్, రెండోదానికి ఫెర్మెంటర్‌కు చుట్టే హీట్ బెల్టు. కంట్రోలర్ ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) గాలిలో వేలాడకూడదు. గాలి ఇట్టే చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, బీరు మాత్రం వేడిగానే ఉంటుంది. బీరు మట్టానికి సగం ఎత్తులో డబ్బా గోడకి ఆనించి, పైన మందపాటి స్పాంజి పెట్టి, టేపుతో గట్టిగా బిగించండి. సెట్టింగ్ 18, తేడా రెండు వైపులా 1 డిగ్రీ, కంప్రెసర్ డిలే (ఆగాక మళ్లీ మొదలయ్యే ముందు విరామం) కనీసం 5 నిమిషాలు. తేడా మరీ తక్కువ పెడితే ఫ్రీజర్, బెల్టు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

ప్రశ్న: ఫ్రీజర్‌కి చోటు లేదండీ.

జవాబు: పెద్ద టబ్బులో ఫెర్మెంటర్ పెట్టి, సగం మునిగేలా నీళ్లు పోసి, గడ్డకట్టించిన రెండు లీటర్ల సీసాలు పొద్దునా సాయంత్రం మార్చండి. డబ్బాకి తడి టీషర్టు తొడిగి ఫ్యాన్ పెడితే ఇంకా దిగుతుంది. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. ఉక్కపోసే గ్యారేజీలో తడి ఆరదు, లాభం ఉండదు. అదీ కుదరకపోతే నార్వే వాళ్ల వాస్ క్వైక్ ఈస్ట్ వాడండి. 35-40 దానికి సుఖం, నారింజ తొక్క వాసనతో బాగుంటుంది.

మరొకరు: నాలుగో రోజుకి జోరు తగ్గాక చల్లదనం తగ్గించి 20-21కి రానివ్వండి. వెన్న వాసన తెచ్చే డయాసిటైల్‌ను ఈస్టే తినేస్తుంది. హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచే పరికరం) రీడింగు మూడు రోజులు కదలకపోతేనే సీసాల్లో నింపాలి, లేకపోతే లోపల ఇంకా పులిసి సీసాలు పేలతాయి. ఇది చదివి తెలుగు రాష్ట్రాల్లో ఎవరూ మొదలుపెట్టొద్దు. లైసెన్సు లేకుండా తయారు చేయడం అక్కడ ఎక్సైజ్ నేరం.