సమస్య: "దువ్వెన గలదయ్యు దువ్వుకొనదు"

నిర్వాహకుడు, గుంటూరు:
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. కట్టుబాటు ఒక్కటే. పత్తిలోని గులాబీ రంగు పురుగు రెక్కలొచ్చాక ఎలా ఉంటుందో, దాని కుటుంబం ఏదో పద్యంలో కనపడాలి. పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు చూసి కడుపు మండినవాళ్లమే గాని, మగ పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలో పడ్డదాన్ని దగ్గరగా చూసినవాళ్లం తక్కువ.

సత్తెనపల్లి రైతు:
పత్తి పువ్వులోన బతుకు చిన్ని పురుగు
రెక్క వచ్చి యెగిరె రేయి వేళ
మీస మొదట నిలిచి మెరయు వెంట్రుకలారు
దువ్వెన గలదయ్యు దువ్వుకొనదు
భూతద్దం కింద పెట్టి చూసి రాశానండి.

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు హాయిగా నడిచాయి. చిక్కు మూడోదాంట్లో ఉంది. ఆ వెంట్రుకలు అయిదు ఉండొచ్చు, ఆరు ఉండొచ్చు. "మెరయు" యతి కోసం తెచ్చిన మాట, నిజానికి అవి బిరుసువి. "మీస మొదట బిరుసు మించు వెంట్రుకలుండు" అంటే యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

రైతు:
మార్చుకున్నాను మాస్టారూ. లెక్కలో తొందరపడ్డాను.

విజయవాడ సభ్యురాలు:
పేరు మారెగాని బెదరు బూడిదరెక్క
ధాన్యమందు దిరుగు దాని చుట్టె
మీస మొదలు జూచి మేధావులన్నారు
దువ్వెన గలదయ్యు దువ్వుకొనదు
భరూచ్ పత్తిని పాడుచేసిన పురుగుకు 1840ల్లో సాండర్స్ అనే కీటక శాస్త్రవేత్త 'డిప్రెసారియా' అని పేరు పెట్టారు. 1917లో బస్క్ అనే మరో శాస్త్రవేత్త దాన్ని 'పెక్టినోఫోరా' చేశారు. అంటే దువ్వెన మోసేది. మీసం మొదట ఉండే ఆ బిరుసు వెంట్రుకలే ఆ దువ్వెన.

నిర్వాహకుడు:
పేరు మారిన కథ పద్యంలోకి తెచ్చావమ్మా, చాలా సంతోషం. కానీ "అన్నారు" అనేసి సమస్యను ఎవరి నోట్లోనో పెట్టడం సులువు దారి. వాళ్లు ఆ మాట అనలేదు, పేరు పెట్టారంతే. ఇంకొకటి, రెక్క మొత్తం బూడిద కాదు. ముందు రెక్క గోధుమ రంగు, మీద నల్లటి మచ్చలు. వెనక రెక్కదే వెండి బూడిద. నిల్వ వడ్లను తినే సన్న రెక్కల పురుగుతో చుట్టరికం నిజమే, రెండూ జెలికిడే కుటుంబం. ఆ చుట్టరికం తెలిసేది వెనక రెక్కలోనే. చివర ఒక్కసారిగా సన్నబడి మొన తేలుతుంది, అంచున పొడవాటి కుచ్చు ఉంటుంది. పద్యంలో లేనిది అదే.

సభ్యురాలు:
రాత్రంతా అదే ఆలోచన గురువుగారూ. ఇదిగో:
వెనుక రెక్క చివర వేలు నొక్కినయట్లు
ధాన్యమందు దిరుగు దాని చుట్టె
మీస మొదలు జూచి మేలి పేరిడిరంట
దువ్వెన గలదయ్యు దువ్వుకొనదు

రైతు:
చెల్లెమ్మా, ఆ మొదటి పాదం చదివి మళ్లీ బుట్ట దగ్గరికి వెళ్లాను. నిజంగానే నొక్కినట్టుంది.